మూడో బేస్ ఎవరి పుణ్యం

డబ్లిన్ శివార్లలోని సిటీవెస్ట్‌లో మా ఆఫీసులో కొత్తగా చేరే పిల్లలు ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తుంటారు. అందరూ అడిగేది ఒకటే. "ఆంటీ, బేస్‌బాల్ అంటే ఏమిటో తెలియకుండా అన్నేళ్లు ఆ పని ఎలా చేశారు?" తెలియకుండా చేయలేదు నాయనా, నేర్చుకుని చేశాను. రాజమండ్రిలో కామర్స్ చదివి, పెళ్లయ్యాక డబ్లిన్ వచ్చి, ఇద్దరు పిల్లలు బడికి వెళ్లడం మొదలుపెట్టాక ఏదో ఒక ఉద్యోగం దొరికితే చాలనుకున్నాను. దొరికింది ఇది. చేరిన రోజు సాయంత్రం లువాస్ ట్రామ్‌లో ఇంటికి వస్తూ, ఈ ఆటలో బ్యాటు గుండ్రంగా ఎందుకుందో మా ఆయనకి ఫోన్‌లో వివరించబోయి, నాకే అర్థం కాక ఊరుకున్నాను. పోయినేడాది రిటైర్ అయ్యేనాటికి ఆ ఆట మీద నాతో వాదించగలవాళ్లు ఆఫీసులో ముగ్గురో నలుగురో ఉండేవారు.

ప్రమోషన్ల గురించి రాయను. ఎవరికి ఎప్పుడు వచ్చాయో, ఎందుకు రాలేదో ఆఫీసు వంటగదిలో వింటూనే ఉంటారు. పని నిజంగా ఏమిటో మాత్రం ఎవరూ చెప్పరు కాబట్టి అది రాస్తున్నాను.

పని ఏమిటంటే

అమెరికాలో చిన్నా పెద్దా బేస్‌బాల్ లీగులు చాలా ఉన్నాయి. ప్రతి మ్యాచ్‌లో ప్రతి బంతికీ ఏం జరిగిందో కంప్యూటర్‌లోకి ఎక్కించే కంపెనీ మాది. వాళ్ల మ్యాచ్‌లు మనకి రాత్రి జరుగుతాయి. రాత్రి షిఫ్టువాళ్లు ఎక్కించిందాన్ని పొద్దున మేం సరిచూసేవాళ్లం. మా బల్లని రివ్యూ డెస్క్ అనేవారు. మేం అక్కడ దాదాపు అందరం తెలుగువాళ్లమే. ఒకరు చేరితే తమ్ముణ్నో, స్నేహితుడి భార్యనో తీసుకొచ్చేవారు. అలా పెరిగింది.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను, ఇవి తెలియకపోతే మిగతాది అర్థం కాదు. మైదానంలో నాలుగు మూలల్లో నాలుగు బేసులుంటాయి. బంతి కొట్టినవాడు బ్యాటు పడేసి వాటి చుట్టూ పరిగెత్తాలి. తన దెబ్బ బలంతో మూడో బేస్ దాకా చేరితే దాన్ని ట్రిపుల్ అంటారు. రెండో బేస్ దాకా అయితే డబుల్. బంతిని ఎత్తి బయట పడేసేవాడికి పరుగుతో పని లేదు, తీరిగ్గా తిరిగి రావచ్చు. ట్రిపుల్‌కి మాత్రం బలం ఒక్కటే చాలదు, కాళ్లుండాలి, తెగింపు ఉండాలి. అందుకే అది అరుదు. సీజన్ మొత్తంలో ఎవరు ఎక్కువ ట్రిపుల్స్ కొట్టారో వాళ్ల పేరు విడిగా రాస్తారు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. వాడు కొట్టింది రెండో బేస్‌కి సరిపోయే దెబ్బే అయి, ఫీల్డర్ బంతిని అడ్డదిడ్డంగా విసిరినందువల్ల మూడో బేస్‌కి చేరితే, అది ట్రిపుల్ కాదు. బ్యాటర్‌కి డబుల్, ఫీల్డర్ పేరు మీద ఒక ఎర్రర్, అంటే తప్పు. మూడో బేస్ మీద నిలబడ్డ ప్రతివాడూ ట్రిపుల్ కొట్టినట్టు కాదు.

నన్ను పనిలో పెట్టిన ఓర్లా అనే ఆవిడ ఈ మాట మొదటి వారమే చెప్పింది. మాట కరుకు, మనసు అంతకంటే కొంచెం తక్కువ కరుకు. తెర మీద వేలు పెట్టి, "వాడు ఎక్కడ నిలబడ్డాడో చూడకు విజయా, ఎవరూ తడబడకపోయి ఉంటే ఎక్కడ నిలబడేవాడో చూడు" అంది. నాకు ఉద్యోగంలో ఎవరైనా నిజంగా నేర్పింది ఏదైనా ఉందంటే అదే. మనం ఇక్కడికి వచ్చి కొన్న ఇళ్లూ కార్లూ చూసినప్పుడల్లా నాకు ఆ మాట గుర్తొస్తుంది. ఇందులో మన దెబ్బ ఎంత, ఎదుటివాడి చేయి జారడం ఎంత అని. అది తేల్చే రివ్యూ డెస్క్ ఎక్కడా లేదు కాబట్టి అందరం అంతా మన ట్రిపులే అనుకుని బతికేస్తాం.

ప్రసాద్ గారు, ఆయన గైడు

ఓర్లా వెళ్లిపోయాక, ఏది ఎలా ఎక్కించాలో చెప్పే డెస్క్ గైడు రాసింది ప్రసాద్ గారు. గుంటూరు ఆయన. యూనివర్సిటీ జట్టుకి క్రికెట్ ఆడారు. ఏ ఆటైనా రెండు మ్యాచ్‌లు చూస్తే చాలు, దాని లోతు పట్టేసేవారు. నా తర్వాత చేరినవాళ్లందరికీ పని నేర్పింది ఆయనే. మంచి మనిషి, కానీ తను చెప్పింది తప్పంటే రెండు రోజులు టీ తాగేవారు కాదు.

మామూలు మ్యాచ్‌లతో మాకు చిక్కు లేదు. మైదానంలో లీగు తరఫున ఒక స్కోరర్ కూర్చుని ఇది డబుల్, ఇది ఎర్రర్ అని చెబుతాడు. మేం అది సరిగ్గా ఎక్కిందా లేదా అని చూసేవాళ్లం. చిక్కు వచ్చింది పాత సీజన్ల పనితో. ఒక చిన్న లీగువాళ్లు తమ పాత వీడియోలు ఇచ్చి, మ్యాచ్ మ్యాచ్‌కీ వివరాలు మళ్లీ తయారు చేయమన్నారు. వాళ్ల దగ్గర అప్పటి సీజన్ మొత్తాల పట్టిక మాత్రం మిగిలింది. విడి మ్యాచ్‌ల వివరాలు పోయాయి. స్కోరర్ ఏమన్నాడో వీడియోలో వినపడదు. అంటే, ఏది డబుల్, ఏది ట్రిపుల్ అనేది మొదటిసారి మేమే నిర్ణయించాల్సి వచ్చింది.

అప్పుడు ప్రసాద్ గారు గైడులో ఒక వాక్యం చేర్చారు. విసురు తప్పినా సరే, బ్యాటర్ పరుగు ఆపకుండా వెళ్తే ఆ బేస్ అతనిదే అని. చదివిన మాలో ఎవరికీ అందులో తప్పు కనబడలేదు. కనబడదు కూడా. క్రికెట్‌లో ఓవర్‌త్రో పరుగులు బ్యాట్స్‌మన్ ఖాతాలోకే పోతాయి. మనకి పుట్టినప్పటి నుంచీ అదే న్యాయం. ఒకరు ఎక్కించినదాన్ని ఇంకొకరు చూడాలని కంపెనీ రూలు. కానీ ఎక్కించేవాడూ, చూసేవాడూ ఒకే ఆట చూసి పెరిగినవాళ్లయితే అది రెండుసార్లు చూసినట్టు కాదు, ఒకేసారి చూసినట్టే.

ఇక మా మేనేజర్ డెక్లన్. ఐర్లండ్ పడమర వైపు స్లైగో మనిషి. చిన్నప్పుడు బడిలో రౌండర్స్ అని దాదాపు ఇలాంటి ఆటే ఆడాడు కాబట్టి బేస్‌బాల్ తనకి తెలుసనుకునేవాడు. పాత పట్టికకీ మా లెక్కకీ తేడా వస్తే ఏం చేయాలని అడిగితే, "వీడియో ఉంటే వీడియోదే మాట" అన్నాడు. పట్టిక తయారుచేసినవాడు ఎండలో మైదానంలో కూర్చుని రెండు కళ్లతో చూసినవాడు. వీడియో ఒకే మూల నుంచి తీసింది, అదీ మసక. మనకి తేడా వచ్చినప్పుడు ముందు మనల్ని మనం అనుమానించాలి. ఇది నా అభిప్రాయం, అప్పుడూ చెప్పాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఆఫీసుల్లో అది తిరగబడి ఉంటుంది.

ఒక కూతురు చేసిన ఫోన్

ఆ పాత సీజన్లలో ఒక సీజన్‌కి ట్రిపుల్స్‌లో పాత పట్టిక ప్రకారం ఇద్దరు సమానంగా మొదటి స్థానంలో ఉన్నారు. ఒకరు ఎర్ల్, ఇంకొకరు మార్విన్. వేరే వేరే జట్లు. మా లెక్కలో మార్విన్‌కి ఒకటి ఎక్కువ వచ్చింది. లీగువాళ్లు మా లెక్కనే నమ్మి, మార్విన్ ఒక్కడే మొదటివాడని ప్రకటించారు. ఎర్ల్ పేరు పోయింది.

ఒక మధ్యాహ్నం ఎర్ల్ కూతురు ఆఫీసుకి ఫోన్ చేసింది. లీగువాళ్లు మా నంబరు ఇచ్చారట. డెక్లన్ ఆ ఫోన్‌ని నాకు తోసేశాడు. కోపంగా మాట్లాడుతుందేమో అనుకున్నాను. లేదు.

"మా నాన్న పెద్ద లీగుకి ఎప్పుడూ వెళ్లలేదు," అంది. "ఇప్పుడు స్కూలు బస్సు నడుపుతాడు. ఆయన మొత్తం ఆటలో మొదటిగా నిలిచింది ఆ ఒక్క సీజన్లో, ఆ ఒక్క విషయంలో. వచ్చే శనివారం పాత ఆటగాళ్లని మైదానానికి పిలుస్తున్నారు. అక్కడ గోడ మీద సీజన్ల వారీగా పేర్లు మళ్లీ రాయిస్తున్నారు. నా పిల్లలు ఆ గోడ దగ్గర తాతతో ఫోటో దిగాలని ఎప్పటినుంచో అనుకుంటున్నారు."

"మీ నాన్నగారు ఏమన్నారు?" అని అడిగాను.

"వీడియోలో అలా ఉంటే అలాగే కానివ్వమన్నాడు. నేను మీకు ఫోన్ చేస్తున్నట్టు ఆయనకి తెలియదు. పేరు తిరిగి పెట్టమని నేను అడగడం లేదు. ఏ దెబ్బ వల్ల పోయిందో చెప్పండి చాలు."

ఇన్నేళ్ల ఉద్యోగంలో మా అంకెల అవతల ఒక మనిషి ఉన్నాడని నాకు నిజంగా తెలిసింది ఆ మధ్యాహ్నమే. సిగ్గుగా అనిపించింది. చూసి చెబుతానన్నాను.

డెక్లన్ దగ్గరికి వెళ్తే, "క్లయింట్ సంతోషంగానే ఉన్నాడు కదా విజయా, ఇట్స్ గ్రాండ్" అన్నాడు. ఐర్లండ్‌లో గ్రాండ్ అన్న మాటకి చాలా అర్థాలున్నాయి. బాగుంది అని, ఫరవాలేదు అని, ఇక వదిలెయ్ అని. ఇది మూడోది. ఆయన్ని తప్పుపట్టను. ఆయన మీద ఇంకో డెస్కూ, దాని తలనొప్పులూ ఉన్నాయి. వదలనంటే, "శుక్రవారం లోపు తేలితే సరే, గోడకి రంగు వేసేది వాళ్లు, మనం కాదు" అన్నాడు.

కప్పులు కడిగే చోట

మార్విన్ ట్రిపుల్స్ అన్నీ వరసగా పెట్టుకుని చూశాను. ఒక్కటి తప్ప అన్నీ నిక్కమైనవే. ఆ ఒక్కదాంట్లో మార్విన్ కుడివైపు లోతుగా కొట్టాడు. ఫీల్డర్ బంతి అందుకుని రెండో బేస్ వైపు విసిరాడు. బంతి అక్కడివాడి తల మీదుగా పోయి అవతలి కంచె దాకా దొర్లింది. కెమెరా బంతి వెంట పోయింది. మళ్లీ మనుషుల మీదికి వచ్చేసరికి మార్విన్ మూడో బేస్ మీద ఉన్నాడు. మధ్యలో వాడు ఆగాడా, ఆగకుండా పరిగెత్తాడా అన్నదే అసలు ప్రశ్న. అది తెర మీద లేదు.

దాన్ని మొదట ఎక్కించింది మౌనిక. నిజామాబాద్ జిల్లా అమ్మాయి. ఇక్కడే కార్లో అనే ఊళ్లో పీజీ చేసి, చదువవగానే మా దగ్గర చేరింది. సరిచూసింది ప్రసాద్ గారు. మౌనిక డబుల్, ఎర్రర్ అని పెడితే ఆయన దాన్ని ట్రిపుల్‌గా మార్చారు.

వంటగదిలో మౌనిక కప్పు కడుగుతూ కనిపించింది. ఇక్కడివాళ్లు ప్రెస్ అనే అల్మరా తలుపు తీసి నా కప్పు తీసుకుంటూ, ఆ దెబ్బ గుర్తుందా అని అడిగాను. పంపు కట్టేసింది.

"ఆంటీ, ఒకటి చెప్తా, ఏమనుకోరు గద?"

"చెప్పు."

"కెమెరా పోయేముందు చివర్ల ఇట్ల కొంచెం కనిపిస్తడు. బేస్ మీద కాలు పెట్టి హెల్మెట్ సర్దుకున్నడు. ఉరికేటోడు హెల్మెట్ సర్దుకోడు ఆంటీ. నేను స్కూల్ల సాఫ్ట్‌బాల్ ఆడిన. సెకండ్ బేస్ నాదే. ఆగినంక చేసే పని అది."

సాఫ్ట్‌బాల్ అంటే ఇంచుమించు బేస్‌బాలే, బంతి పెద్దది. వాళ్ల వైపు బళ్లలో ఆడపిల్లలు బాగా ఆడతారట. మా డెస్క్ మొత్తంలో ఈ జాతి ఆట చేత్తో ఆడినది ఆ పిల్ల ఒక్కతే. ఆ సంగతి మాలో ఎవరికీ తెలియదు, ఎవరం అడగలేదు.

"మరి ప్రసాద్ గారు మార్చినప్పుడు చెప్పలేదేం?"

చాలాసేపు కప్పు తుడిచింది. "అంకుల్‌కి ఎట్ల చెప్పాలె ఆంటీ? నాకు రూమ్ దొరకనప్పుడు వాళ్ల ఇంట్లనే ఉన్న. ఆంటీ రోజు డబ్బా కట్టిచ్చింది. నాకు జ్వరమొస్తె అంకుల్ లీవ్ పెట్టి జీపీ డాక్టర్ దగ్గరికి తీస్కపోయిండు. గసొంటి మనిషికి, మీరు తప్పు చేసిన్రు అని చెప్తనా?"

ఈ దేశంలో మనల్ని నిలబెట్టింది ఆ పిలుపులే. అంకుల్, ఆంటీ అన్నందుకే ఒకరి ఇంట్లో ఒకరికి పడక దొరికింది, ఎయిర్‌పోర్టుకి కారు దొరికింది. లీజు మీద సంతకానికి మనిషి దొరికాడు. అదే పిలుపు రివ్యూ డెస్క్ మీద కూర్చుంటే మాత్రం నోరు కట్టేస్తుంది. అంకుల్ చేసిన పని సరిచూడమంటే ఏ తెలుగు పిల్ల సరిచూస్తుంది? దండం పెట్టి పంపుతుంది.

తిన్నింటి వాసాలు

మర్నాడు ఇద్దరినీ చిన్న మీటింగ్ గదిలో కూర్చోబెట్టి వీడియో పెట్టాను. మౌనిక చెప్పిందని నేనే చెప్పాను. ఆ పిల్ల చేత చెప్పించడం న్యాయం కాదనిపించింది.

ప్రసాద్ గారు మొదట వీడియో వైపు చూడలేదు. మౌనిక వైపు చూశారు.

"నాతో చెప్పొచ్చు కదమ్మా. మా ఇంట్లో అన్నం తిన్న పిల్లవి. నాకు చెప్పకుండా విజయ గారితో చెప్పావా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదే."

ఆ పిల్ల కళ్లు నిండాయి. నాకు ఒళ్లు మండింది. "ప్రసాద్ గారూ, అడిగింది నేను. అన్నం పెట్టింది మీరు, నిజమే. దానికీ మార్విన్ హెల్మెట్‌కీ ఏమిటి సంబంధం?" అన్నాను.

ఆయన వీడియో చూశారు. వెనక్కి తిప్పి మళ్లీ చూశారు. కోపంలో ఉన్నా ఆట చూసేటప్పుడు ఆయన అబద్ధం చూడరు, అది ఒప్పుకోవాలి.

"హెల్మెట్ మీద చేయి పెట్టాడు, నిజమే," అన్నారు. "పరిగెత్తేటప్పుడు ఊడిపోతుందని పట్టుకున్నాడేమో. వాడు అంత జోరుగా వచ్చాడు కాబట్టే ఫీల్డర్ కంగారుపడి విసిరాడు. ఆ కంగారు పుట్టించింది వాడి కాళ్లే కదా. దాన్ని వాడి ఖాతాలో వేయకపోతే ఎవరి ఖాతాలో వేస్తాం?"

తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదది. ఎదుటివాడి కంగారు కూడా ఒక రకంగా మన సంపాదనే. కానీ ఈ ఆట అలా అనదు. ఎవరి కంగారు వాడిదే, ఎవరి దెబ్బ వాడిదే. మౌనిక తెర వైపు వేలు చూపించి, "ఆగినంక మళ్ల ఉరికిండు అంకుల్. ఆగకపోతే మీరన్నదే కరెక్ట్. ఆగిండా లేదా, గదే తెల్వాలె" అంది.

"ఎవడు చెబుతాడు ఇప్పుడు?"

"విసిరినోడు చెప్తడు. వానికి ఎదురుంగనే ఉంటది అంత."

అంత సేపూ మాలో ఎవరికీ తట్టనిది ఆ క్షణంలో తట్టింది. విసిరింది ఎవరు? ప్రసాద్ గారు ఆ రోజు జట్టు పేర్లు తెరిచారు. కుడివైపు ఫీల్డర్ పేరు చదివి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

ఎర్ల్.

ముందు అడగాలి, తర్వాత చెప్పాలి

మార్విన్ బతికి లేడని లీగువాళ్లు ముందే చెప్పారు. చూసినవాడంటూ మాకు మిగిలింది ఎర్ల్ ఒక్కడే. మార్విన్ ఆగాడని ఆయన అంటే ఆయన పేరు ఆయనకి తిరిగి వస్తుంది. అలాంటివాడి సాక్ష్యానికి ఏం విలువ అన్నారు ప్రసాద్ గారు. మళ్లీ ఆయనే, "పేరు సంగతి ఎత్తకుండా అడగాలి. నేనే అడుగుతాను. ట్రిపుల్ అనాలనుకునేది నేనే కాబట్టి నేనడిగితేనే న్యాయం" అన్నారు. అందుకే ఆయన్ని ఇన్నేళ్లు గౌరవించాను.

కూతురిని అడిగి నంబరు తీసుకున్నాం. మాకు సాయంత్రం, ఆయనకి పొద్దున బస్సులో పిల్లల్ని బడి దగ్గర దించి వచ్చిన వేళ. ముగ్గురం అదే గదిలో కూర్చుని స్పీకర్ పెట్టాం. పాత మ్యాచ్‌ల వివరాలు సరిచూస్తున్నామని ప్రసాద్ గారు చెప్పారు. ఎక్కడ, ఎవరితో ఆడిన మ్యాచో చెప్పి, "ఆ రోజు ఏమైనా గుర్తుందా సార్?" అని అడిగారు. అంతే అడిగారు. విసురు అనలేదు, మార్విన్ అనలేదు.

అవతల నవ్వు వినిపించింది. పెద్దాయన గొంతు, నెమ్మది మాట.

"అన్ని మ్యాచ్‌లుండగా అదే అడుగుతున్నారా? దాన్ని మరిచిపోవాలని చాలా ఏళ్లు చూశాను. మార్విన్ కుడివైపు కొట్టాడు. నేను బాగానే అందుకున్నాను. వాడు రెండో బేస్ దగ్గర ఆగిపోయాడు. హాయిగా ఊపిరి తీసుకుంటున్నాడు. నేను ఊరికే లోపలికి విసిరితే సరిపోయేది. కుర్రతనం కదా, నా చేయి ఎంత గట్టిదో చూపిద్దామని బలమంతా పెట్టి విసిరాను. చేతిలోంచి వదిలినప్పుడే తెలిసింది. బంతి కంచె దగ్గర తేలింది. వాడు నా వైపు చూసి చేయి ఊపి మరీ మూడో బేస్‌కి పోయాడు. మర్నాడు మా కోచ్ నన్ను ఆడించలేదు."

ప్రసాద్ గారు మౌనిక వైపు చూశారు. మౌనిక బల్ల వైపు చూస్తోంది. చెప్పాల్సింది ఇక నా వంతు. అంతా చెప్పాను. ఆ దెబ్బని మేం ట్రిపుల్ అని రాశామని, దానివల్లే ఆయన పేరు పోయిందని, ఆయన చెప్పినదాని ప్రకారం అది మళ్లీ డబుల్ అవుతుందని, మార్విన్‌తో పాటు ఆయన కూడా మొదటి స్థానంలోకి వస్తారని. ఇంకొక మాట కూడా చెప్పాలి కాబట్టి చెప్పాను. మా లెక్కలో ఆయన ఎర్రర్ తుడిచిపెట్టుకుపోయింది. పేరు తిరిగి రావాలంటే ఎర్రరూ తిరిగి రావాలి.

ఆయన అన్నారు, "అంటే మీ లెక్కలో ఆ రోజు నేనేమీ తప్పు చేయలేదన్నమాట."

"అవును సార్."

"చాలా ఏళ్ల క్రితం ఎవరైనా ఇలా చెబితే ఎగిరి గంతేసేవాణ్ని." మళ్లీ నవ్వారు, ఈసారి కొంచెం తక్కువగా. "లేదమ్మా. రాయండి. విసిరింది నేనే. రెండూ నావే. రెండూ రాయండి."

నాకు కన్నీళ్లు ఆగలేదు, దాచుకోలేదు కూడా. ప్రసాద్ గారు కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకున్నారు. లాప్‌టాప్ మౌనిక వైపు జరిపారు.

"నువ్వు మొదట ఏం రాశావో అదే రాయమ్మా. కింద చూసినవాళ్ల పేరు దగ్గర నాది పెట్టు."

ఆ పిల్ల రాసింది. శుక్రవారం పొద్దున్నే డెక్లన్ లీగువాళ్లకి చెప్పాడు. మా డెక్లన్ భయపడినట్టు వాళ్లు విసుక్కోలేదు. గైడులోని ఆ వాక్యాన్ని ప్రసాద్ గారే తీసేశారు. ఆ వాక్యంతో ఎక్కిన పాత సీజన్లన్నీ మళ్లీ చూడాల్సి వచ్చింది. ఇంకా ఎవరెవరి ట్రిపుల్స్ డబుల్స్ అయ్యాయో ఇక్కడ రాయను, ఆ కథలన్నిటికీ ఇంత మంచి మనిషి అవతల లేడు.

డెస్క్ దగ్గర పిలుపులు

తర్వాత ప్రసాద్ గారు మౌనికతో, "ఇంట్లో అంకుల్ అను, ఇక్కడ ప్రసాద్ అను" అన్నారు. ఆ పిల్ల సరేనంది. అనలేకపోయింది. మనవాళ్ల నోటికి అది రాదు. ఆఫీసులో ఆయనతో ఏ పిలుపూ లేకుండా మాట్లాడటం నేర్చుకుంది. తప్పు కనిపిస్తే ఆయన బల్ల మీద పెన్‌తో రెండుసార్లు తట్టి, తెర చూపించేది. ఆయన విసుగ్గా తల ఎత్తేవారు, చూసేవారు. ఎక్కువసార్లు ఆమెదే ఒప్పయ్యేది, కొన్నిసార్లు ఆయనది. ఆదివారాలు మాత్రం వాళ్లింట్లోనే భోజనం.

కొత్తగా వచ్చే పిల్లలకి నేను చెప్పేది ఇంతే. మీ పని సరిచూసేవాడు మీలాంటివాడే అయితే, అతను మీ తప్పుని కూడా మీ అంత ఇష్టంగా చూస్తాడు. పక్కన కూర్చున్నవాళ్లు ఇంతకుముందు ఏం ఆడారో, ఏం చేశారో అడగండి. అన్నం పెట్టినందుకు పెద్దవాళ్లకి రుణపడి ఉండండి, వాళ్ల లెక్క మాత్రం తప్పకుండా చూడండి. పెద్దవాళ్లయినవాళ్లు, నాతో సహా, ఆ బల్ల చప్పుడుకి అలవాటు పడాలి.

ఆ శనివారం గడిచాక ఎర్ల్ కూతురు నాకు ఫోన్ చేసింది. గోడ మీద రెండు పేర్లూ పక్కపక్కన రాశారట. పిల్లలతో ఫోటో దిగారట. మనవడు మార్విన్ పేరు చూపించి, ఈయన ఎవరు తాతా అని అడిగాడట. ఎర్ల్ వాణ్ని కుడివైపు కంచె దగ్గరికి తీసుకెళ్లి, తను ఎక్కడ నిలబడి ఉన్నాడో, బంతి ఎటు పోయిందో చేయి ఎత్తి చూపించాడట. ముందు ఆ విసురు సంగతి అంతా చెప్పి, తర్వాత ట్రిపుల్స్ గురించి మొదలుపెట్టాడట.